డబుల్ ఐపీఏ రుచి చూసి అంచనా కట్టడం: చేదు ఎంతవరకు గుణం, ఎక్కడి నుంచి దోషం?

మూసీ_ఒడ్డు

గచ్చిబౌలి వైపు ఉన్న ఒక బ్రూపబ్‌లో (బీరును అక్కడే తయారుచేసి అమ్మే చోటు) మొన్న శనివారం డబుల్ ఐపీఏ తాగాను. ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరుకు ఇది మరింత ఘాటైన రూపం. ఆల్కహాలు 7.8 శాతం, చేదు 85 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం) అని బోర్డు మీద రాసి ఉంది. గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకోగానే పంపరపనస తొక్క వాసనా, దాని వెనకాలే మామిడి వాసనా చక్కగా తెలిశాయి. కాని రెండు మూడు గుటకలు పడేసరికి నాలుక వెనుక భాగమంతా చేదెక్కిపోయి, ఆ చేదు గొంతులో గీరుకుంటున్నట్టు చాలాసేపు నిలిచిపోయింది. సగంలోనే ఆపేశాను. వడ్డించిన అబ్బాయిని అడిగితే "ఐపీఏ అంటే ఇంతే సార్" అన్నాడు. నా అభ్యంతరమంతా ఆ జవాబు మీదనే. శైలి పేరు చెప్పి ఏ లోపాన్నైనా సమర్థించుకోవచ్చునా? ఇంత ఘాటైన, హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) ప్రధానమైన బీరులో ఏది ఆ శైలికి సహజమైన గుణమో, ఏది తయారీలోనో వడ్డనలోనో వచ్చిన దోషమో వేరుచేసి చూసే పద్ధతిని తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

నల్లకుంట_నేస్తం

నేను వైన్స్‌లో దొరికే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు తీసుకుంటాను. అందులోనూ ఆల్కహాలు 8 శాతం వరకు ఉంటుంది, కాని ఇంత చేదు ఎన్నడూ తగల్లేదు. ఆల్కహాలు అంతే అయినప్పుడు ఎక్కువ ధర పెట్టి చేదును కొనుక్కోవడం దేనికో నాకు నిజంగానే అర్థం కావడం లేదు.

బార్లీగింజ

నల్లకుంట_నేస్తం గారూ, నేను బ్రూవరీలో పనిచేస్తాను కాబట్టి తయారీ వైపు నుంచి చెబుతాను. ఆ రెండింటిలో ఆల్కహాలు శాతం ఒకటే కావచ్చు గాని, చేసే తీరు పూర్తిగా వేరు. మన దగ్గర సీసాల్లో అమ్మే స్ట్రాంగ్ బీరు లాగర్ (తక్కువ ఉష్ణోగ్రతలో పులియబెట్టే రకం). అందులో బార్లీ మాల్ట్‌కు (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలకు) తోడు బియ్యమో మొక్కజొన్నో చక్కెరో కలిపి ఆల్కహాలు పెంచుతారు, హాప్స్ మాత్రం కొద్దిగానే వేస్తారు. డబుల్ ఐపీఏలో హాప్సే ప్రాణం. హాప్స్ పువ్వులో పసుపుపచ్చని లుపులిన్ పొడి ఉంటుంది. ఆల్ఫా ఆమ్లాలూ సుగంధ తైలాలూ ఉండేది అందులోనే. వర్ట్ (మాల్ట్ నుంచి తీసిన, ఇంకా పులియని తీపి రసం) మరిగేటప్పుడు ఆ ఆమ్లాలు ఐసో-ఆల్ఫా ఆమ్లాలుగా మారి చేదునిస్తాయి, సుగంధ తైలాలేమో అదే మరుగులో ఆవిరైపోతాయి. అందువల్ల చేదు కోసం మరుగు మొదట్లో ఒకసారి, వాసన కోసం మరుగు ఆపిన తరువాత ఒకసారి, పులియడం ముగింపుకు వచ్చాక డ్రై హాపింగ్‌గా, అంటే మరిగించకుండానే, మరొకసారి వేస్తాం. ఖర్చు పెరిగేది ఇక్కడే. మేము వాడే హాప్స్ దాదాపు అన్నీ దిగుమతి సరుకే, పైగా డ్రై హాప్స్ పీల్చుకున్న బీరు మడ్డితో పాటు ట్యాంకు అడుగునే పోతుంది.

ఇంకొక సంగతి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనల ప్రకారం మన దేశంలో బీరులో ఆల్కహాలు 8 శాతానికి మించరాదు. కాబట్టి మూసీ_ఒడ్డు గారు తాగిన 7.8 శాతం బీరు ఇక్కడ చట్టం ఒప్పుకునే అంచు దాకా వెళ్లినదే.

రుచిపత్రం

మూసీ_ఒడ్డు గారి ప్రశ్నకు నేరుగా వస్తాను. పోటీల్లో బీరుకు మార్కులు వేసేవారికి శిక్షణనిచ్చే బీజేసీపీ సంస్థ 2021 నాటి మార్గదర్శకాల్లో డబుల్ ఐపీఏకు పెట్టిన హద్దులివి: ఆల్కహాలు 7.5 నుంచి 10 శాతం, చేదు 60 నుంచి 100 ఐబీయూ, పులియకముందు సాంద్రత (నీటిని 1గా తీసుకుని) 1.065 నుంచి 1.085, పులిసిన తరువాత 1.008 నుంచి 1.018. అంటే 85 ఐబీయూ అనే అంకెలో తప్పేమీ లేదు. అయితే అదే పత్రం చేదు ఎంత బలంగా ఉన్నా మొరటుగా ఉండరాదనీ, ఆల్కహాలు మంట పుట్టించరాదనీ, బీరు మందంగా సాగకుండా హాయిగా తాగగలిగేలా ఉండాలనీ అడుగుతుంది. సగం గ్లాసు దగ్గర ఆగిపోయారంటే ఆ చివరి షరతు దగ్గరే మార్కులు పోతాయి.

చూసే వరస చెబుతాను. బీరు పోసిన వెంటనే, నురుగు ఇంకా గట్టిగా ఉండగానే, రెండు మూడు సార్లు చిన్నచిన్నగా వాసన పీల్చాలి, ఎందుకంటే అన్నిటికన్నా ముందు ఎగిరిపోయే తైలాలు అప్పుడే దొరుకుతాయి. తరువాత గ్లాసు మూతిని అరచేత్తో మూసి, కొద్దిగా తిప్పి, చెయ్యి తీసి మళ్లీ వాసన చూడాలి. సిట్రా రకం హాప్స్ వేసి ఉంటే పంపరపనస, లిచీ, మామిడి వస్తాయి. సిమ్‌కో అయితే దేవదారు జిగురు, సెంటెనియల్ అయితే నిమ్మపూల వాసన. మామిడికాయ తొడిమ తెంపగానే కారే జీడి వాసన మీకు గుర్తుండే ఉంటుంది. హాప్స్‌లో పుష్కలంగా ఉండే మిర్సీన్ అనే సుగంధ పదార్థం మామిడిలోనూ ఉంటుంది కాబట్టి, మన ముక్కుకు ఆ పోలిక తేలికగానే అందుతుంది.

రుచికి వచ్చాక, మొదటి గుటకను బట్టి ఏమీ నిర్ణయించకండి. రెండో గుటకను నోరంతా తిప్పి మింగి, ముక్కు ద్వారా గాలి వదలండి. అప్పుడు గమనించవలసినవి మూడు. చేదు ఎంత త్వరగా పైకి లేస్తోంది? అది నాలుక మీద ఉందా, గొంతులో ఉందా? మింగిన తరువాత క్రమంగా తగ్గుతోందా, లేక పెరుగుతోందా? చేదు నాలుక వెనుక బలంగా లేచి, నిదానంగా తగ్గుతూ, పోతూ పోతూ హాప్స్ వాసనను వదిలి వెళ్తే అది గుణమే. దవడల లోపల వగరు పట్టి, గొంతులో గీరుకుని, మింగాక ఇంకా పెరుగుతోందంటే అక్కడ దోషాన్ని వెతకాలి.

మార్కుల పత్రంలో వాసనకు 12, కంటికి కనిపించేదానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10 మార్కులుంటాయి. మొత్తం 50.

మణికొండ_మాల్ట్

రుచిపత్రం గారి వివరణ బాగుంది గాని, మార్కుల పద్ధతితో నేను ఏకీభవించను. పోటీలో వరసగా బీర్లను కొద్దికొద్దిగా చప్పరించి మార్కులు వేసేవారికి పనికివచ్చే పత్రం, ఒక సాయంత్రం ఒకే గ్లాసుతో కూర్చునేవారికి పనికిరాదు. మొదటి గుటకకు మురిపించి చివరి గుటకకు విసుగెత్తించే డబుల్ ఐపీఏలు నేను చాలా చూశాను. అసలు పరీక్ష ఖాళీ గ్లాసే.

రుచిపత్రం

ఖాళీ గ్లాసు మంచి పరీక్షే, ఒప్పుకుంటాను. కాని గ్లాసు ఎందుకు ఖాళీ కాలేదో అది చెప్పదు. వాసనకు 12లో 10, రుచికి 20లో 9 వచ్చాయని రాసుకుంటే, హాప్స్ మంచివేననీ తేడా మరెక్కడో వచ్చిందనీ వెంటనే తెలుస్తుంది. నేను ఆ పత్రాన్ని ఇష్టపడేది అందుకే.

బార్లీగింజ

మూసీ_ఒడ్డు గారూ, కొన్ని వివరాలు కావాలి. బీరు తేటగా ఉందా, మబ్బుగా ఉందా? అడుగున ఆకుపచ్చని నలుసులు ఏమైనా కనిపించాయా? ఏ గ్లాసులో ఇచ్చారు, ఎంత చల్లగా ఉంది? పక్కన ఏం తిన్నారు?

మూసీ_ఒడ్డు

బాగా మబ్బుగా ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అడుగు దగ్గర సన్నని ఆకుపచ్చ పొడి తేలుతూ కనిపించింది, గ్లాసు గోడకు కూడా కొంచెం అంటుకుని ఉంది. ఫ్రీజరులో పెట్టి మంచు పట్టించిన పిడి మగ్గులో ఇచ్చారు. పక్కన మిర్చి బజ్జీ, చిల్లీ చికెన్ ఉన్నాయి. అయినా గీరుకున్నట్టు అనిపించడం బజ్జీ రాకముందే మొదలైంది.

బార్లీగింజ

అయితే నా అనుమానం హాప్ బర్న్ మీద. డ్రై హాపింగ్ చేశాక ట్యాంకును బాగా చల్లార్చి, హాప్స్ పొడి అడుగుకు దిగేదాకా ఓపిక పట్టాలి. వారాంతపు గిరాకీ కోసం తొందరపడి ట్యాప్‌కు ఎక్కిస్తే, తేలుతున్న ఆ నలుసులూ వాటితో వచ్చే పాలిఫినాల్‌లనే వగరు పదార్థాలూ గొంతును గీరుతాయి. నిర్ధారించుకునే మార్గం ఒకటుంది. అదే బ్యాచి ఇంకా ట్యాప్ మీద ఉంటే వారం తరువాత మళ్లీ రుచి చూడండి. గీరుడు తగ్గి వాసన నిలిచి ఉంటే అది తొందరపాటు వల్ల వచ్చిన దోషమే. ఏమీ తగ్గకపోతే నీటి వైపో, మరిగించడంలో వేసిన హాప్స్ వైపో చూడాలి.

అన్నట్టు, ఆ మంచు పట్టిన మగ్గు ఈ శైలికి తగినది కాదు. 7 నుంచి 10 డిగ్రీల మధ్య, నోరు సన్నగా ఉండే టులిప్ గ్లాసులో ఇవ్వాలి. మరీ చల్లగా ఉన్న బీరులో సువాసనలు పైకి లేవవు, చేదు ఒక్కటే ఒంటరిగా ముందుకొస్తుంది.

రసాయనశాల

ఐబీయూ అంకెను నమ్ముకుని బీరును ఎంచుకునేవారికి ఒక మాట. 1 ఐబీయూ అంటే స్థూలంగా లీటరుకు 1 మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం. ప్రయోగశాలలో బీరులోని చేదు పదార్థాలను ఒక ద్రావకంలోకి లాగి, 275 నానోమీటర్ల కాంతి అందులో ఎంత శోషణ అవుతుందో చూసి ఆ అంకె కడతారు. ఆ కాంతిని చేదు లేని కొన్ని పదార్థాలూ శోషిస్తాయి. డ్రై హాపింగ్ వల్ల వచ్చే హ్యూములినోన్‌లు అనే పదార్థాలు ఐసో-ఆల్ఫా ఆమ్లాల చేదులో మూడింట రెండు వంతులే ఇచ్చినా, అంకెను మాత్రం పెంచుతాయి. చాలా బ్రూపబ్‌లలో బోర్డు మీద రాసేది కొలిచిన అంకె కూడా కాదు, వంటకం రాసుకున్నప్పుడు లెక్కగట్టినది.

అంతకన్నా ముఖ్యమైనది మాల్ట్‌తో ఉండే తూకం. సాంద్రత 1.072 ఉన్న వర్ట్‌లో 85 ఐబీయూ ఒక రకంగా తగులుతుంది, 1.050 ఉన్నదానిలో అదే 85 భరించలేనంతగా ఉంటుంది. పులియకముందు, పులిసిన తరువాత సాంద్రతల తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది. 1.072 నుంచి 1.012కు దిగితే దాదాపు 7.9 శాతం. ఇక్కడ 8 శాతం హద్దు ఉన్నందువల్ల మాల్ట్‌ను ఇష్టం వచ్చినంత పెంచే వీలు లేదు, కాబట్టి చేదును 100 వైపు తోసేకొద్దీ తూకం తప్పడం ఖాయం.

నీరు కూడా చూడాలి. నీటిలో సల్ఫేటు ఎక్కువైతే చేదు పదునెక్కుతుంది, క్లోరైడు ఎక్కువైతే మెత్తబడుతుంది. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు నీటిలో సల్ఫేటు లీటరుకు 600 మిల్లీగ్రాములకు పైగా ఉండటం వల్లనే అక్కడి పేల్ ఏల్‌లకు (లేత రంగు బీర్లకు) ఆ పదునైన ముగింపు వచ్చింది. హైదరాబాదులో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లకు తోడు బోరు నీరూ ట్యాంకరు నీరూ కలిసి వస్తాయి. ఈ నీటినంతా ఆర్వోలో శుద్ధి చేసి, మళ్లీ జిప్సం (కాల్షియం సల్ఫేటు), కాల్షియం క్లోరైడు కొలిచి వేయాలి. జిప్సం కాస్త చెయ్యి జారినా ఆ బీరు గరుకుగా తయారవుతుంది.

పాత_కంటోన్మెంట్

అసలు ఐపీఏకు చేదు ఎక్కువ ఉండేది ఓడల్లో ఇండియాకు చేరేలోగా చెడిపోకుండా ఉండాలనే కదా? సికింద్రాబాద్ దండుకు వచ్చిన బీరు కూడా అంత చేదుగానే ఉండి ఉండాలి. కాబట్టి ఆ అబ్బాయి చెప్పిన దాంట్లో చరిత్ర ఉంది.

రుచిపత్రం

ఆ కథ ప్రచారంలో ఉన్నంత సూటిగా లేదు. లండనులో హాడ్జ్‌సన్ కుటుంబపు బో బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడలకు దగ్గరలో ఉన్నందువల్ల 18వ శతాబ్దం చివరి నుంచే ఇండియా వ్యాపారంలో నిలదొక్కుకుంది. 1820లలో బర్టన్ నుంచి ఆల్‌సాప్ వంటివారు పోటీకి దిగారు. "ఈస్టిండియా పేల్ ఏల్" అన్న పేరు 1829లో ఆస్ట్రేలియా పత్రికా ప్రకటనలో కనిపిస్తుంది. ఇండియాకు వచ్చిన బీరంతా పేల్ ఏల్ కాదు, సిపాయిల కోసం పోర్టరు అనే ముదురు రంగు బీరు కూడా ఓడల నిండా వచ్చి క్షేమంగానే చేరేది.

మన చర్చకు పనికొచ్చే తేడా ఇది. ఆ కాలపు బీరు పీపాల్లో నెలల తరబడి ప్రయాణించి, చేదు మెత్తబడ్డాకనే గ్లాసులోకి వచ్చేది. నేటి డబుల్ ఐపీఏను తాజాగా తాగడం కోసమే చేస్తారు. దాని పుట్టుక 1994లో, కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో. బ్లైండ్ పిగ్ బ్రూవరీలో విన్నీ సిలుర్జో తన ఐపీఏ కొలతలో హాప్స్‌ను రెట్టింపు చేసి, మాల్ట్‌ను సుమారు 30 శాతం పెంచాడు. మాల్ట్ పెంచకుండా హాప్స్ ఒక్కటే రెట్టింపు చేస్తే ఏమవుతుందో రసాయనశాల గారు పైన చెప్పారు.

సైనిక్‌పురి_సాయంత్రం

అదే సిలుర్జో తరువాత రష్యన్ రివర్ బ్రూవరీలో చేసిన ప్లైనీ ది ఎల్డర్ ఈ శైలికి కొలబద్దగా నిలిచింది. ఆల్కహాలు సరిగ్గా 8 శాతం. అమెరికాలో ఉన్నప్పుడు దాన్ని తాజాగా తాగాను: లేత బంగారు రంగు, పైన తెల్లని నురుగు, పొడిగా ముగిసే రుచి, 8 శాతం ఉందని చెబితే తప్ప తెలియని తేలికదనం. కాబట్టి మన 8 శాతం హద్దు వల్ల మంచి డబుల్ ఐపీఏ చేయలేరన్న మాట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ సీసా మీదనే తాజాగా తాగమనీ నిల్వ పెట్టవద్దనీ రాసి ఉంటుంది. మన దగ్గర డబ్బాల్లో, సీసాల్లో వచ్చే హాప్స్ బీరుకు అసలు చిక్కు ఇక్కడే. మే నెలలో చల్లని పెట్టె లేని లారీలో ప్రయాణించి, ఫ్రిజ్ బయట అరలో నిలబడిన ఐపీఏలో సిట్రా వాసన వెతికితే ఎక్కడ దొరుకుతుంది? మొదట మామిడి, బత్తాయి వాసనలు పోతాయి, తరువాత తేనె లాంటి తీపి, ఆ తరువాత తడిసిన అట్టపెట్టె వాసన వస్తాయి. చేదు మాత్రం మొరటుగా మిగిలిపోతుంది. ఎండ తగిలే అద్దాల అరలో పెట్టిన పచ్చ సీసానైతే ముట్టుకోను. వెలుతురుకు ఐసో-ఆల్ఫా ఆమ్లాలు విరిగి, ముక్కు మూసుకోవలసిన గంధకపు వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసా కొంత ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. కొనేముందు తయారైన తేదీ చూడండి.

పల్లీమసాలా

ఇందాక బజ్జీ ప్రసక్తి వచ్చింది కాబట్టి మంచింగ్ సంగతి. కారం మీద ఘాటైన ఐపీఏ తాగితే చేదూ ఆల్కహాలూ రెండూ మంటను పెంచుతాయి. ఉప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం, చేదును అణిచేస్తుంది. ఉప్పు పల్లీలతో తాగినప్పుడు మెత్తగా అనిపించిన బీరు, మంచినీళ్లతో నోరు కడుక్కుని తాగితే వేరుగా తగులుతుంది. ఇష్టంగా తాగేటప్పుడు పల్లీలు మహా భాగ్యం. అంచనా కట్టేటప్పుడు వాటిని దూరం పెట్టి, ఉప్పు లేని బ్రెడ్ ముక్కా నీళ్లూ చాలు. వరసగా చిన్న గ్లాసులు తెప్పించుకుంటే ఈ బీరును ఆఖరున తాగండి, దీని తరువాత తాగిన గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది.

తార్నాక_తులసి

మా వారికి 40 ఐబీయూ దాటితేనే మొహం చిట్లుతుంది, నాకు 80 కూడా హాయిగా ఉంటుంది. ఒకే గ్లాసులోంచి ఇద్దరం తాగి చూశాం. అందువల్ల మూసీ_ఒడ్డు గారికి తగిలినది బీరు దోషమని ఇంత తొందరగా తేల్చడం నాకు న్యాయంగా తోచడం లేదు. అదే బీరును ఇంకొకరు మెచ్చుకుని ఉండవచ్చు.

రసాయనశాల

తులసి గారి మాటకు ఆధారం ఉంది. మనిషి నోటిలో చేదును పట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలు. వాటిలో మూడు హాప్స్ చేదుకు స్పందిస్తాయని తేలింది. వాటి తీరు మనిషి మనిషికీ మారుతుంది, అలవాటు వల్ల కూడా ఓర్పు పెరుగుతుంది. కాని ఈ తేడా చేదు ఎంత అనిపిస్తుందన్న దానికే వర్తిస్తుంది. గొంతులో గీరడం, దవడల్లో వగరు పట్టడం స్పర్శకు సంబంధించినవి. ఆ రెండూ మీ వారికీ మీకూ కలిసి తగిలితే తప్పు బీరుదే.

తార్నాక_తులసి

ఆ విభజన బాగుంది. ఈసారి చేదును వదిలిపెట్టి గొంతును మాత్రమే గమనించమని ఆయనకు చెబుతాను.

నల్లకుంట_నేస్తం

ఇంత చదివాక ఒకటి రుచి చూడాలని ఉంది. మామూలుగా 650 సీసా అలవాటు ఉన్నవాణ్ని, దీన్ని ఎంత తాగవచ్చు?

బార్లీగింజ

330 మిల్లీలీటర్లతో ఆపండి. 8 శాతం లెక్కన అందులో సుమారు 21 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అదే పరిమాణంలో 5 శాతం బీరులో 13 గ్రాములే. మంచి డబుల్ ఐపీఏలో ఆల్కహాలు ఘాటు బయటపడదు కాబట్టి, ఎంత ఎక్కిందో నాలుక చెప్పదు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. తాగాలనుకున్న రోజు బండి ఇంట్లో పెట్టి మెట్రోలోనో ఆటోలోనో రండి.

ఒకవేళ ఘాటు బయటపడితే, అంటే ముక్కుకు పెయింటు పలుచన చేసే ద్రావకం వాసనా, మింగాక ఛాతీలో వేడీ తెలిస్తే, ఈస్టును వేడిలో పులియనిచ్చారని అర్థం. ఇంత చిక్కని వర్ట్ పులిసేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచకపోతే ఫ్యూసెల్ ఆల్కహాల్‌లు (మంట పుట్టించే రకం) పుడతాయి. వెన్న కాచిన వాసన వస్తే అది పులియడంలో పుట్టే డైఅసిటిల్. డ్రై హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాలను విడగొట్టి పులియడాన్ని మళ్లీ మొదలుపెడతాయి. అది పూర్తికాకముందే ట్యాంకును చల్లార్చేస్తే ఈ వాసన బీరులో ఉండిపోతుంది. పుల్లని సిర్కా వాసన వస్తే ముందుగా ట్యాప్ గొట్టాలను అనుమానించాలి, వాటిని రెండు వారాలకు ఒకసారైనా శుభ్రం చేయాలి. ఈ మూడింటిలో ఏదీ "ఐపీఏ అంటే ఇంతే" కిందకు రాదు.

మణికొండ_మాల్ట్

ఉల్లి, వెల్లుల్లి వాసన మాటేమిటి? ఈ మధ్య కొండాపూర్‌లో ఒకచోట తాగిన దాంట్లో ఉల్లిగడ్డ కోసినట్టే వచ్చింది. మా మిత్రుల్లో సగం మంది అది హాప్స్ సహజ గుణమన్నారు.

బార్లీగింజ

ఇందులో మీ మిత్రులు ఇరువర్గాల వారూ కొంతవరకు సరే. సమ్మిట్ వంటి హాప్స్‌లో గంధకపు సమ్మేళనాల వల్ల ఆ వాసన ఉంటుంది, కోత ఆలస్యమైన సిమ్‌కోలోనూ రావచ్చు. అంటే అది కలుషితమైనందువల్ల వచ్చినది కాదు. అయినా పంట సంచిని తెరిచి చేతుల్లో నలిపి వాసన చూసినప్పుడే ఆ ఉల్లి తెలుస్తుంది. తెలిసీ దానిని డ్రై హాపింగ్‌కు వాడటం ఎంపికలో తప్పు.

రుచిపత్రం

నేనైతే ఇలా చూస్తాను. పండ్ల వాసనల వెనకాల ఉల్లి లీలగా ఉంటే మార్కులు తగ్గించను. అదే ముందుగా తగిలి, గ్లాసు వెచ్చబడేకొద్దీ పెరుగుతూ పోతే వాసనకు ఉన్న 12లో 6కు మించి వేయను, ఎందుకు వేయలేదో కూడా పక్కన రాస్తాను. బ్రూవరుకు పనికొచ్చేది ఆ రాసిన వాక్యమే.